ఆపడం తెలిసిన చెయ్యి

శాన్ ఫ్రాన్సిస్కోలో హైడ్ స్ట్రీట్, బీచ్ స్ట్రీట్ కలిసే మూల మీద ఒక పాత కేఫ్ ఉంది. పేరు బ్యూనా విస్టా. కేబుల్ కారు కొండ దిగొచ్చి ఆగేది అక్కడికి దగ్గర్లోనే. బే ఏరియాలో కాపురాలున్న మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు కేబుల్ కారు ఎక్కించి, సముద్రం చూపించి, ఫొటోలు తీసి తీసుకెళ్లే దారి అది. మా చెల్లెలు నన్నూ అలాగే తీసుకెళ్లింది. బయట చలిగాలి, లోపల కాఫీ వాసన. జనం మధ్య దారి చేసుకుని కౌంటరు దగ్గర నిలబడ్డాం.

కౌంటరు మీద పొట్టి కాడ ఉన్న గాజు గ్లాసులు బారుగా పేర్చి ఉన్నాయి. అన్నిట్లోనూ వేడినీళ్లు. కౌంటరు వెనకున్న మనిషి ఆ నీళ్లు పారబోశాడు. ఒక్కో గ్లాసులో రెండేసి చక్కెర బిళ్లలు వేశాడు. కాఫీ కూజా ఎత్తి ఈ చివర నుంచి ఆ చివరి దాకా పోసుకుంటూ వెళ్లాడు. చెంచాతో గబగబా కలిపాడు. సీసా వంచి, ధార తెగకుండా, అదే వరసలో విస్కీ పోశాడు. అంతవరకూ అతని చేతుల్లో ఉన్నది వేగం. క్రీమ్ దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులే నెమ్మదించాయి. చెంచా వీపు కాఫీకి ఆనీ ఆనకుండా పెట్టి, దాని మీదుగా క్రీమ్ జార్చాడు. తెల్లటి పొర నల్లటి కాఫీ మీద పరుచుకుని అక్కడే ఉండిపోయింది. రెండు రంగులకీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత.

ఆ గీత ఎలా నిలబడిందన్నదే ఈ వ్యాసం. ఈ పానీయాన్ని ఐరిష్ కాఫీ అంటారు. కాఫీ, విస్కీ, చక్కెర, క్రీమ్, అంతే. ఎస్‌ప్రెసో మార్టీని అనే మరో కాఫీ పానీయానికి నురగ కావాలంటే ఎస్‌ప్రెసో యంత్రం ఉండాలి, మంచుముక్కలతో గట్టిగా కుదిపే షేకరు ఉండాలి. ఐరిష్ కాఫీకి యంత్రాలేమీ అక్కర్లేదు. మన ఇంట్లో ఉన్న ఫిల్టరు, ఒక మూతసీసా, ఒక చెంచా చాలు. దినుసులు నాలుగే కాబట్టి ఏ ఒక్కటి తేడా చేసినా దాచుకోవడానికి చోటుండదు. అందుకే చేసే చేతి నేర్పు ఇందులో అంత స్పష్టంగా కనబడుతుంది.

ఈ కాఫీ పుట్టింది ఐర్లాండ్ పడమటి తీరంలో, షానన్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న ఫోయిన్స్ అనే చిన్న ఊళ్లో. నీటి మీద దిగే పెద్ద విమానాల కాలం అది. 1939 నుంచి 1945 దాకా అట్లాంటిక్ దాటే విమానాలకు ఆ ఊరే మజిలీ. విమానం నీళ్లలో దిగితే ప్రయాణికుల్ని పడవల మీద ఒడ్డుకు చేర్చేవాళ్లు. చలికాలం పడమర నుంచి ఎదురుగాలి కొడితే సగం దూరం వెళ్లిన విమానం కూడా వెనక్కి తిరిగేది. 1943 చలికాలంలో ఒక రాత్రి అలాగే విమానం ఒకటి తిరిగొచ్చిందని, గంటల తరబడి చలిలో నలిగిపోయిన ప్రయాణికులకు వెచ్చగా ఏదైనా ఇవ్వాలని అక్కడి వంటాయన జో షెరిడన్ కాఫీలో కాస్త ఐరిష్ విస్కీ కలిపాడని చెబుతారు. ఇది బ్రెజిల్ కాఫీయా అని ఎవరో అడిగితే, కాదు, ఐరిష్ కాఫీ అన్నాడట. ఏ కథైనా చెప్పగా చెప్పగా నునుపు తేలుతుంది. ఇదీ అంతే అయి ఉంటుంది. కానీ అందులో ఒక మాటను నేను పూర్తిగా నమ్ముతాను: ఈ కాఫీ పుట్టింది అలసిపోయి వచ్చిన మనిషి కోసం. అర్ధరాత్రి రైలు దిగొచ్చిన చుట్టానికి పొయ్యి వెలిగించి ఇన్ని కాఫీ నీళ్లు పెట్టిచ్చే మన ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

యుద్ధం అయ్యాక ఫోయిన్స్ నుంచి విమానాలు షానన్ విమానాశ్రయానికి మారాయి. షెరిడన్ కూడా తన కాఫీతో అక్కడికే వెళ్లాడు. అక్కడ దాన్ని రుచి చూసినవాళ్లలో స్టాంటన్ డెలాప్లేన్ ఒకడు. శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో ప్రయాణాల గురించి రాసేవాడు, 1942లో పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు. 1952 నవంబరు 10 రాత్రి బ్యూనా విస్టా యజమాని జాక్ కెప్లర్, డెలాప్లేన్ కలిసి ఆ రుచిని తిరిగి పట్టుకోవాలని కూర్చున్నారు. రుచి దొరికింది. క్రీమ్ మాత్రం తేలలేదు. పోసిన ప్రతిసారీ మునిగిపోయింది.

ఆ కేఫ్ చెప్పుకునే చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. మంచి విస్కీ తెచ్చుకున్నారు, మంచి కాఫీ కాచుకున్నారు, అయినా పని కాలేదు. కెప్లర్ పట్టు వదల్లేదు. చివరికి జార్జ్ క్రిస్టఫర్‌ని అడిగాడు. ఆయనది పాల వ్యాపారం, తర్వాత ఆ నగరానికి మేయరయ్యాడు. క్రీమ్‌ని 48 గంటలు చల్లగా నిలవ ఉంచి, సరిగ్గా కావలసినంత మేరకే గిలకొడితే తేలుతుందని తేలింది. షెరిడన్ కూడా తర్వాత ఆ నగరానికే వెళ్లి బ్యూనా విస్టాలో పనిచేశాడు. 1962లో కన్నుమూస్తే అక్కడికి దగ్గర్లోని ఓక్లాండ్‌లో సమాధి చేశారు. చలి రాత్రి పూట పరాయివాళ్ల కోసం కలిపిన కాఫీ ఆయన్ని సముద్రాలు దాటించింది.

క్రీమ్ ఎందుకు మునుగుతుందో తెలిస్తే ఆ పనితనం మీద గౌరవం పెరుగుతుంది. మామూలుగా చూస్తే మునగడమే న్యాయం. ఫ్రిజ్‌లోంచి తీసిన చిక్కటి క్రీమ్ బరువు దాదాపు నీళ్ల బరువంత ఉంటుంది. కింద ఉన్న కాఫీ వేడిది, వేడెక్కిన నీళ్లు తేలికవుతాయి. 75 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 975 గ్రాములే తూగుతాయి. దానికి తోడు విస్కీ ఉంది. ఆల్కహాల్ లీటరుకు 790 గ్రాములే కాబట్టి అది కాఫీని ఇంకా తేలిక చేస్తుంది. అంటే తేలిక దాని మీద బరువైనదాన్ని నిలబెట్టమంటున్నాం.

ఇక్కడ రెండు సాయాలున్నాయి. మొదటిది చక్కెర. తీపి కోసమే వేస్తున్నామని అనుకుంటాం కానీ, కరిగిన చక్కెర కాఫీ బరువు పెంచి, వేడీ విస్కీ తీసేసిన బరువును చాలావరకు పూడుస్తుంది. అందుకే చక్కెర లేని ఐరిష్ కాఫీలో క్రీమ్ నిలబెట్టడం కష్టం. రెండోది గాలి. క్రీమ్‌ని గిలకొట్టినప్పుడు గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి. చల్లబడి గట్టిపడిన వెన్న కణాలు ఆ బుడగల చుట్టూ గోడ కడతాయి. క్రీమ్ వెచ్చగా ఉంటే కణాలు మెత్తబడి గోడ నిలవదు. క్రిస్టఫర్ చెప్పిన 48 గంటల చలిలో మర్మం ఇదే. క్రీమ్ చల్లగా ఎక్కువసేపు ఉండేకొద్దీ అందులోని వెన్న బాగా గట్టిపడి, కొట్టినప్పుడు గాలిని బాగా పట్టి ఉంచుతుంది.

మన కాఫీలోనూ గాలే పని చేస్తుంది. గ్లాసులోంచి డవరాలోకి, డవరాలోంచి గ్లాసులోకి ఎత్తి పోసి తిరగబోస్తే నురగ లేచేది పాలల్లో గాలి కలవడం వల్లే. కానీ మన పద్ధతి అన్నిటినీ కలిపి ఒకటి చేసేది. ఐరిష్ కాఫీ పద్ధతి వేరువేరుగా నిలిపి, నోట్లోకి వచ్చాకనే కలవనిచ్చేది.

ఇక ఇంట్లో చేసుకునే వైనం.

గ్లాసు చిన్నదే మేలు. బ్యూనా విస్టా గ్లాసు ఆరు ఔన్సులది, అంటే దాదాపు 177 మిల్లీలీటర్లు. పెద్ద మగ్గు తీసుకుంటే నింపడానికి కాఫీ ఎక్కువ పోస్తాం, విస్కీ వాసన పలచనవుతుంది, సగం తాగేసరికి చల్లారిపోతుంది. చిన్న గ్లాసయితే మొదటి గుక్కకూ చివరి గుక్కకూ వేడిలో పెద్ద తేడా ఉండదు. ముందుగా అందులో వేడినీళ్లు పోసి రెండు నిమిషాలు ఉంచాలి. గాజు చల్లగా ఉంటే కాఫీ వేడిని అదే లాగేసుకుంటుంది. మరుగుతున్న నీళ్లు ఒక్కసారిగా పోస్తే పల్చటి గ్లాసు పగలొచ్చు కాబట్టి మొదట గోరువెచ్చగా, తర్వాత వేడిగా పోయడం మంచిది.

కాఫీ వంద మిల్లీలీటర్లు కావాలి. పాలు కలపని కాఫీ. మన స్టీలు ఫిల్టరులో దిగిన డికాక్షన్ దీనికి చక్కగా పనికొస్తుంది, కాకపోతే అది మరీ చిక్కన కాబట్టి వేడినీళ్లతో పలచన చేసుకోవాలి. ఒకటికి ఒకటి కలిపి, రుచి చూసి సరిచేసుకోవచ్చు. చికోరీ ఎక్కువ కలిసిన పొడి వద్దు. పాలు ఉన్నప్పుడు చికోరీ చేదు ఒద్దికగా ఉంటుంది. పాలు లేనప్పుడు అదొక్కటే నాలుక మీద నిలుస్తుంది. నేను వాడేది అరకు అరబికా. పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే గింజ. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యస్తంగా వేయించిన పొడి అయితే విస్కీతో పోట్లాడదు.

కాఫీని కాచి మళ్లీ మరిగించకూడదు. మరిగితే కాఫీ చేదెక్కుతుంది. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, సలసల కాగే కాఫీలో విస్కీ పోస్తే గ్లాసు దగ్గరికి ముఖం పెట్టగానే ఘాటు ముక్కుకి కొడుతుంది. పొగలు వస్తూ, నోటికి ఓర్చుకోగలిగినంత వేడి చాలు.

గ్లాసులో వేడినీళ్లు పారబోసి, చక్కెర రెండు చెంచాలు, అంటే ఎనిమిది గ్రాముల దాకా వేయాలి. బ్రౌన్ షుగర్ అయితే కాఫీకి మరింత బాగా అతుకుతుంది. మొదట కాఫీ పోసి చక్కెర పూర్తిగా కరిగేదాకా కలపాలి. అడుగున పలుకులు మిగిలితే పైన క్రీమ్ పోశాక కలపడానికి వీలుండదు, ఆఖరి గుక్క పానకమవుతుంది. చక్కెర కరిగాక విస్కీ నలభై మిల్లీలీటర్లు. ఐరిష్ విస్కీనే ఎందుకంటే, అందులో చాలావాటిని మూడుసార్లు స్వేదనం చేసి నునుపు చేస్తారు, స్కాచ్‌లో కొన్నిటికి ఉండే పొగ వాసన వీటిలో సాధారణంగా ఉండదు. బ్యూనా విస్టాలో వాడేది టుల్లమోర్ డ్యూ. మన దగ్గర జేమ్సన్ సులువుగా దొరుకుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ బాగుంటుందని అనుకోకండి. నలభై దాటితే కాఫీ వెనకబడుతుంది, క్రీమ్ కిందికి జారడం మొదలెడుతుంది.

ఇక్కడి దాకా చెప్పిన ప్రతి మెట్టులోనూ ఒకటే నియమం ఉంది. కాఫీ మరక్కముందే ఆపాలి. విస్కీ ముందుకు రాకముందే ఆపాలి. అన్నిటికన్నా కష్టమైన ఆపడం క్రీమ్ దగ్గర.

మొదట్లో నేను ఇంట్లో చేసినప్పుడు క్రీమ్ మునిగిపోయేది. కాఫీ మీద నూనె చుక్కలు తేలి, గోధుమ రంగు మడ్డిలా తయారయ్యేది. రెండు తప్పులు చేస్తున్నానని తర్వాత తెలిసింది. ఒకటి, కొట్లో మామూలుగా దొరికే డబ్బా క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే. అది కూరల్లోకి బాగుంటుంది, గాలిని మాత్రం సరిగా పట్టుకోదు. కనీసం 30, వీలైతే 35 శాతం కొవ్వున్న, తీపి కలపని విప్పింగ్ క్రీమ్ కావాలి. రెండో తప్పు భయం. మునిగిపోతుందేమోనని గట్టిగా కొట్టేసేదాన్ని. కేకు మీద పెట్టేంత గట్టిపడిన క్రీమ్ తేలుతుంది, నిజమే. కానీ అది ముద్దగా కూర్చుంటుంది. గ్లాసు వంచితే కాఫీ దాని పక్కనుంచి వస్తుంది, క్రీమ్ కదలదు. రెండూ కలిసి నోట్లోకి రావు.

ఎక్కడ ఆపాలో నాకు చూపించింది మా అమ్మ. అమ్మ విస్కీ ముట్టదు. ఆ సాయంత్రం వంటింట్లో పీట మీద కూర్చుని నేను చేసేది చూస్తోంది. మూతసీసా, క్రీమ్, రెండూ ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచాను. సీసాలో సగానికి క్రీమ్ పోసి, మూత బిగించి ఊపుతున్నాను. మొదట గలగలమని పలచటి చప్పుడు. కాసేపటికి చప్పుడు మందగించి దబదబమంది. నేను ఇంకా ఊపుతూనే ఉన్నాను.

"చాల్లే, ఇక ఆపు" అంది అమ్మ. "చప్పుడు మారింది. ఇంకాసేపు ఊపావంటే వెన్న పడుతుంది."

మూత తీసి చూశాను. సరిగ్గా గరిటెజారుగా ఉంది. చెంచాతో ఎత్తి పోస్తే రిబ్బనులా జారి, పడిన చోట ఒక గుర్తు వదిలి, రెండు మూడు క్షణాల్లో ఆ గుర్తు తనలో తనే కరిగిపోయింది. అంతకు ముందైతే గుర్తే పడదు. ఆ తర్వాతైతే గుర్తు పోదు. ఆ రెండిటి మధ్య ఉన్నది కొద్ది క్షణాల వ్యవధి. అమ్మ దాన్ని చూడకుండానే పట్టుకుంది. నలభై ఏళ్లు కవ్వంతో మజ్జిగ చిలికిన చెవి అది. అరిసెల పాకం దగ్గరా అంతే. నీళ్ల పళ్లెంలో చుక్క వేసి వేలితో ఉండ చేసి చూస్తుంది కానీ, చూడకముందే చెయ్యి పొయ్యి ఆపడానికి వెళ్తుంది. బ్యూనా విస్టా కౌంటరు వెనక మనిషి చేతిలో నేను చూసి మెచ్చుకున్నది ఇదే. అది మా ఇంట్లోనే, పీట మీద కూర్చుని ఉంది.

తర్వాత పోయడం. చెంచాను వేడినీళ్లలో ముంచి తీసి, దాని వీపు కాఫీకి తగిలీ తగలకుండా పట్టుకోవాలి. క్రీమ్ నేరుగా కాఫీలో పడితే ఆ దూకుడుకే లోపలికి వెళ్లిపోతుంది. చెంచా వీపు ఆ దూకుడును విరిచి పక్కలకు పంపిస్తుంది. పొర పరుచుకునే కొద్దీ చెంచాను పైకి జరుపుకుంటూ రావాలి. పొర మందం వేలి వెడల్పంత ఉంటే చాలు. గ్లాసును పక్కనుంచి చూడండి. గీత తేటగా ఉంటే పని కుదిరినట్టు. గీత కింద తెల్లటి తోకలు దిగుతుంటే క్రీమ్ ఇంకొంచెం కొట్టాల్సింది.

పైన జాజికాయ పొడి, చాక్లెట్ తురుము వద్దు. క్రీమ్‌లో చక్కెర కూడా వద్దు. స్ట్రా వద్దు. ముఖ్యంగా కలపొద్దు. గ్లాసు ఎత్తి, పెదవిని క్రీమ్‌కి ఆనించి, వేడి కాఫీని ఆ చల్లటి పొర కిందనుంచి లాక్కోవాలి. మొదట పెదవికి చలి, వెంటనే నాలుకకు వేడి. చప్పటి వెన్నదనం తర్వాత తీపి, చేదు, చివర గొంతులో విస్కీ వెచ్చదనం. క్రీమ్ మూతలా ఉండి కాఫీని త్వరగా చల్లారనివ్వదు కాబట్టి నింపాదిగా తాగొచ్చు. బాగా కుదిరినదైతే ప్రతి గుక్కకూ గ్లాసు గోడ మీద ఒక తెల్లటి వలయం మిగులుతుంది. చివరి గుక్కలోనూ కొంచెం క్రీమ్ ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కాఫీ మత్తును దించదు. నిద్ర రాకుండా మాత్రమే చేస్తుంది. తాగినవాళ్లకు తాము బాగానే ఉన్నామనిపించవచ్చు, ఒంట్లో ఆల్కహాల్ ఏమీ తగ్గదు. కాబట్టి ఒకటితో సరిపెట్టుకోవాలి, తాగాక బండి తాళాలు ముట్టుకోకూడదు.

విస్కీ వద్దనుకునేవాళ్లకు శుభవార్త ఉంది. అది లేకపోతే కింద కాఫీ బరువుగానే ఉంటుంది కాబట్టి క్రీమ్ ఇంకా సులువుగా తేలుతుంది. అంటే చెయ్యి తిరగడానికి ముందుగా చక్కెర కలిపిన కాఫీ మీదే సాధన చేయొచ్చు, సీసా ఖర్చు కాదు. ఆ సాయంత్రం అమ్మకు అదే ఇచ్చాను. గ్లాసు వెలుతురుకు ఎత్తి పట్టుకుని గీతను కాసేపు చూసింది. "కలుపుకోవద్దా?" అని అడిగింది. వద్దన్నాను. ఒక గుక్క తాగి, పై పెదవి కొంగుతో తుడుచుకుని, ఇంకో గుక్క తాగింది.

సీసాలో కొంచెం క్రీమ్ మిగిలింది. ఆపకపోతే ఏమవుతుందో చూద్దామని ఈసారి కావాలనే ఊపుతూ కూర్చున్నాను. చప్పుడు మెల్లగా ఆగిపోయింది. సీసాలో ఏమీ కదలనట్టే అయింది. ఇంకొంచెంసేపు ఊపితే ఒక్కసారిగా మళ్లీ గలగలమంది. ఈసారి ఆ చప్పుడు వేరు. మూత తీస్తే పల్చటి మజ్జిగలో పసుపుపచ్చ పలుకులు తేలుతున్నాయి. అమ్మ లేచి వచ్చి, గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, ఆ పలుకుల్ని మూడు వేళ్లతో కూడదీసి నిమ్మకాయంత వెన్నముద్ద చేసి నీళ్లలో వేసింది.

"పొద్దున ఇడ్లీలోకి వస్తుంది" అంది.